రేవు తప్పకుండా

రేవు అన్నాడు, రేవే అన్నాడు, నా ఈ చెవులతో విన్నాను అని మా ఎల్బర్న్ బాబాయ్ నిన్న పొద్దున ఫైర్‌స్టేషన్ ఫోను పెట్టేసి గుమ్మంలోంచి కేకేసినప్పుడు, ఆ చెవులు ఎలాంటివో మా స్కల్లీ కోవ్ ఊళ్లో ఒక్కరికీ గుర్తు రాలేదు, నాతో సహా. నలభై ఏడేళ్లు డీజిల్ ఇంజను పక్కన నిలబడి లాబ్‌స్టర్ బోనులు లాగిన చెవులవి. కుడిది ఎప్పుడో పోయింది, ఎడమది మనసైతే పనిచేస్తుంది, వినికిడి మిషను మాత్రం చొక్కా జేబులో భద్రంగా ఉంటుంది, ఉప్పుగాలికి పాడవుతుందని. అయినా నమ్మాం. ఫోను చేసిన మనిషి ముప్ఫై నాలుగేళ్లుగా ఒట్టావా పార్లమెంటులో మా తరఫున కూర్చున్న వెండెల్ హామిల్, ఐదు శాఖలకు మంత్రిగా చేసి ఈ నెలాఖరుకు దిగిపోతున్న గౌరవనీయ వెండెల్ హామిల్. ఏం తెస్తున్నావయ్యా అని రేవు సంఘం అధ్యక్షుడి హోదాలో మా బాబాయ్ అడిగాడట, రేవు, రేవు తప్పకుండా అని ఆయన అన్నాడట. పోయిన వసంతంలో ఇన్‌స్పెక్టర్లు వచ్చి మా పాత రేవు కుళ్లిపోయిందని పసుపుపచ్చ కంచె వేసిపోయాక ఊళ్లో పదకొండు పడవలకు నిలబడే చోటు లేదు. హాలిఫాక్స్ దగ్గర ఏదో యార్డులో తేలే రేవు ఒకటి ఖాళీగా పడి ఉందనీ, లాక్కొచ్చి కట్టడానికి మూడు రోజులు చాలనీ మేం రాయని ఉత్తరం లేదు. అదే తెస్తున్నాడనుకున్నాం. తేలే రేవు! ఏదీ తేల్చని మనిషి తేలే రేవు తెస్తాడని ఊరు ఊరంతా తేలిపోయింది.

తేలిపోనిది ఒక్క కాగితం, నా రెయిన్‌కోటు జేబులో ఉంది. ఈ నెల చివరి సోమవారం సీజను మొదలు. పక్కనున్న పోర్ట్ హెస్టన్ వాళ్లు పెద్ద మనసు చేసి తమ రేవులో పదకొండు చోట్లు అట్టేపెట్టారు, ఇవాళ సాయంత్రం ఐదింటిలోపు పదకొండు సంతకాలు అందకపోతే వేరే ఊరి పడవలకు ఇచ్చేస్తారు. చోటు లేకపోతే సోమవారం పడవ కదలదు, కదలకపోతే ఆర్నెల్ల సీజను గల్లంతు, ఆ తర్వాత పడవలు ఎవరికో పోతాయి, పడవల వెనకే మనుషులు, మనుషుల వెనకే ఊరు. సంఘం కార్యదర్శిని నేను, సంతకాలు పెట్టించాల్సింది నేను. నిన్న సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను, ఒక్కడు కలం ముట్టలేదు. మన రేవు వస్తుంటే పరాయి రేవులో తాడు కట్టడమేంటి అని నవ్వారు. దాంతో పొయ్యి అంటించుకోవే, అన్నాడు మా ఆయన గార్నెట్. అంటించలేదు. ఎందుకో తెలియదు. పొయ్యి అప్పటికే మండుతోంది కాబట్టి అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడు మూడూ ఇరవై, ఆయన ఇక్కడికి రావాల్సింది మూడింటికని ఆఫీసు వాళ్లు చెప్పారు. ఫైరింజన్లు రెండింటినీ వానలోకి తోసి లోపల మడత కుర్చీలు వేశాం, అరవై మంది గుమ్మం వైపు మెడలు సాచి కూర్చున్నారు, కిటికీ అవతల పొగమంచులో ఊరు కనిపించడం లేదు గానీ ఆ పసుపు కంచె మాత్రం కనిపిస్తోంది, వంటింట్లో పాలు పోసి కాచే హాడక్ చేప సూపు, చౌడర్, రెండోసారి వేడెక్కుతోంది, పాలు విరిగిపోతాయని ఫ్లోరా పిన్ని గరిటె వదలడం లేదు. చౌడర్ వాసన అంటే నాకు ఎన్నికల వాసన. ఈ హాల్లో ఈయన కోసం కాచిన చౌడరంతా ఒకచోట పోసి ఉంటే పడవలు దాని మీదే తేలేవి. మేం చౌడర్ పోశాం, ఆయన మాటలు పోశాడు, పడ్డది చౌడు నేల మీద, ఏదీ మొలవలేదు. గోడకు పాత దుప్పటి కట్టారు, దాని మీద ఎర్ర రంగుతో పిన్ని రాసింది, మా రేవు తెచ్చిన వెండెల్‌కు వందనాలు అని. రేవు ఎంత పెద్దగా రాసిందంటే చివర చోటు చాలక వందనాలు వంగి వంగి నేల చూస్తోంది. వంగనీ. వందనం అంటే వంగడమే కదా, మా ఊరికి అలవాటైన భంగిమే.

హామీల హామిల్ అని పేరు పెట్టింది నేనే, ఈ ఊళ్లో నాకున్న పలుకుబడి నా పలుకే. కానీ మొదట్లో ఆ పలుకు పనిచేయలేదు. నాకు పందొమ్మిదేళ్లు, చేపల ఫ్యాక్టరీలో హాడక్ ముళ్లు తీస్తున్నాను, ఆయనకు ముప్ఫై ఒకటి, మొదటిసారి ఓట్లడగడానికొచ్చాడు, బూట్లలో మా లైటు బల్బులు మెరుస్తున్నాయి. చెయ్యి చాపాడు. పొలుసులున్నాయండీ అన్నాను, పర్లేదమ్మా అని పట్టుకున్నాడు, వదిలాక వెనకాల మనిషి రుమాలు అందించడం నేను చూశాను, చూసి కూడా చూడనట్టున్నాను. నీ పేరేంటన్నాడు. లియోటా అన్నాను. లియోటా? నీ ఓటా? అయితే నాదే, అన్నాడు. నవ్వాను. అక్కడే జరిగింది తప్పు. జోకు కూడా హాడక్ లాంటిదే, పట్టిన రోజే తినాలి, ఆయన ఆ ఒక్కదాన్నీ ముప్ఫై నాలుగేళ్లు, పది ఎన్నికలు, అప్పుడే వలలోంచి తీసినట్టు వడ్డించాడు. మధ్యలో పార్టీతో పాటు టై రంగు మార్చాడు, ఎర్రది పోయి నీలం వచ్చింది, నీలం ఓడిపోతుందనగా మళ్లీ ఎర్రది వచ్చింది, మనస్సాక్షి చెప్పిందన్నాడు. ఆ సాక్షిని బోనెక్కించి అడిగినవాడు లేడు, మా బోనులన్నీ లాబ్‌స్టర్లకే సరిపోయాయి. టై మార్చిన మనిషి జోకు మార్చలేదు. అదొక్కటే ఆయన నిలబెట్టుకున్న సిద్ధాంతం.

ఫ్యాక్టరీకొచ్చిన ఆ రోజే మా నాన్న పెర్సీ ఆయన్ని రేవు మీదికి తీసుకెళ్లాడు, అప్పటికే చెక్కలు మెత్తబడ్డాయి, చూపిస్తే చేస్తాడని. చూపించాల్సిన పని లేకపోయింది. మూడో అడుగులో చెక్క విరిగి ఎడమ కాలు మోకాలి దాకా దిగింది, లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. మా నాన్న నిచ్చెన దిగి, పాచి పట్టిన దుంగల మధ్య నీళ్లలో చెయ్యి పెట్టి దేవులాడుతుంటే పైన ఆయన మా బాబాయ్ భుజం పట్టుకుని కొంగలా నిలబడ్డాడు, పత్రికవాడు ఫోటో తీశాడు. ప్రజల కోసం ఒంటికాలి మీద నిలబడ్డ అభ్యర్థి అని వేశారు. తడి బూటు తొడుక్కుంటూ, పెర్సీ, దీని సంగతి రేపే చూస్తా, అన్నాడు. నాన్న ఇంటికొచ్చి అమ్మతో ఆ మాట మూడుసార్లు చెప్పాడు. బూటు ఆ రోజే దొరికింది, బూటకం దొరకడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది, అప్పటికి నాన్న లేడు. ఆయన ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ వల అల్లే దారంతో కట్ట కట్టి పెట్టుకున్నాడు నాన్న, అన్నింట్లోనూ ఒకటే వాక్యం, మీ విషయం పరిశీలనలో ఉంది. పరిశీలన. శీల అంటే మేకే కదా, ఆ మాటలో ఉన్న శీలనైనా ఊడదీసి మా చెక్కకు కొట్టి ఉంటే ఒక పలక నిలిచేది.

మూడూ నలభై. గుమ్మంలో కారు అనుకుని అందరూ లేచారు, పాల వ్యాను, కూర్చున్నారు. లేవడం, కూర్చోవడం, మాకిది చర్చిలో కన్నా ఇక్కడే ఎక్కువ అలవాటు. ఆయన ఐదు శాఖలూ గుర్తొస్తున్నాయి, మొదటిది మాజీ సైనికుల శాఖ, అక్కణ్ణుంచి గనులు, మా పక్క ఎక్కడా గని లేదు, అక్కణ్ణుంచి వర్తకం, శాఖ నుంచి శాఖకు గెంతేదాన్ని శాఖామృగం అంటారు, పేరుకు తగ్గట్టే కొమ్మ విరిగేలోపు ఇంకో కొమ్మ. ఒక ఏడాది శాఖ లేని మంత్రి అన్నారు, అంటే ఏంటండీ అని అడిగితే శాఖ ఉండదు గానీ కారు ఉంటుంది అన్నాడు. నాలుగోసారి అయ్యాడు మత్స్య శాఖ మంత్రి, రేవులన్నీ ఆ శాఖవే, మా ఊరు ఆ సాయంత్రం గంటలు కొట్టింది. పద్నాలుగు నెలలున్నాడు. ఒకసారి వచ్చాడు, నారింజ రంగు వానకోటు మడతల గీతలు కూడా పోలేదు, హాడక్ చేతికిస్తే కాడ్ చేప చాలా బావుందన్నాడు. మేం లాబ్‌స్టర్లు పడతాం, ఆయన లాబీలు పడతాడు, చేపల సంగతి ఎవరికీ పట్టదు. మా కోవ్‌ను ఏ కోవలో వేయాలో తేలడం లేదన్నాడు, చిన్న రేవా, మరీ చిన్న రేవా, పాడుబడ్డ రేవా. తేల్చడానికి టేపు పట్టుకుని మనుషులొచ్చారు. నాలుగుసార్లు వచ్చారు. పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, లోతు కొలిచారు. దేవుణ్ణి కూడా ఇంతగా ఎవరూ కొలిచి ఉండరు, మా రేవును కొలిచి కొలిచి, చివరికి దేవుడి దగ్గరికే పంపారు. ఆ తర్వాత అయిదో శాఖ, మంచి శాఖట, కెమెరాలు ఎక్కువట. ఇప్పుడు పదవీ విరమణ. పదవికి సరే, ఆ పెదవికి విరమణ ఎప్పుడో.

మరి ఓటు ఎవరేశారు. నేనే. పదింట్లో తొమ్మిదిసార్లు. ఓటి పడవలో ఎవరూ వేటకెళ్లరు, ఓటు మాత్రం చూసి చూసి ఓటివాడికే వేశాను. ఎందుకంటే ఆయన గుర్తుపెట్టుకుంటాడు. ఊళ్లో ప్రతి పేరూ గుర్తే. మా కుక్క బిస్కెట్ ఎలా ఉంది అని పోయిన ఎన్నికల్లో కూడా అడిగాడు, అది పోయి ఇరవై రెండేళ్లు, బావుందండీ అన్నాను, ఎందుకన్నానో, ఆయన మొహంలో అంత ఆప్యాయత చూసి చచ్చిన కుక్కను చంపబుద్ధి కాలేదు. అలాగే రేవును కూడా. ఎప్పటికప్పుడు ఆయనొచ్చి రేవెలా ఉంది అని అడగ్గానే బతికే ఉందనిపించేది. ఇంత మనిషిని, మాటకు మాట తిప్పికొట్టే నోరున్న మనిషిని, ఆయన ముందు నా నోరు ఎప్పుడూ చౌడర్ గిన్నెలా నిండుగా ఉండేది. ఆయన మీద ఏవగింపు ఎంతుందో, దానికి రెండింతలు అద్దం ముందు ఉంటుంది.

నాలుగు కొట్టింది. ఈసారి నిజంగానే కారు, కానీ దిగింది ఆయన కాదు, ఆయన సహాయకురాలు, పేరు ప్రిసిల్లా అంది, ముందుగా ఏర్పాట్లు చూసుకోడానికి. చంకలో గోధుమరంగు కాగితం చుట్టిన చదునైన వస్తువు, తలుపంత కాదు గానీ కిటికీ అంత. ఇంకో పావుగంటలో వచ్చేస్తారండీ, ముందు ఊరి హాల్లో కాస్త ఆలస్యమైంది, అంది. గోడలన్నీ చూసింది. దుప్పటి మీద అక్షరాలు చదివి, అర్థం కానట్టు ఒకసారి కళ్లార్పింది. తర్వాత నా దగ్గరకొచ్చి అడిగింది, అక్కా, ఒక సుత్తి ఇప్పిస్తారా, ఒక మేకు కూడా.

ఒక మేకు. రేవుకు ఎన్ని మేకులు పడతాయో మా ఇంట్లో నడిచే వయసొచ్చిన ప్రతివాడికీ తెలుసు. తేలే రేవైనా సరే, గొలుసులు, కొక్కేలు, బోల్టులు, బకెట్లకు బకెట్లు. ఈ అమ్మాయి ఒకటే అడుగుతోంది. మాకేం తెచ్చారంటే మేకు అడుగుతున్నారు. దేనికమ్మా అన్నాను. సార్ ఫోటో అండీ, అంది, దిగిపోయే ముందు నియోజకవర్గంలో ప్రతి హాలుకీ ఒకటి ఇస్తున్నారు, ఇది పద్నాలుగోది, సంతకం కూడా పెట్టారు. జేబులో కాగితం ఒక్కసారిగా తడిసిన కోటంత బరువైంది. సుత్తి కోసం వెళ్తున్నట్టు వెళ్లి ముందు వరుసలో బాబాయ్ పక్కన కూర్చున్నాను. పెళ్లికి కుట్టించిన సూటు, మెడ దగ్గర గుండీ పట్టక పిన్నీసు, డెబ్బైతొమ్మిదేళ్ల మొహం కడిగిన పళ్లెంలా ఉంది. ఊరికి రేవు తెచ్చిన ఫోను తాను ఎత్తాడు. ఇన్నేళ్లకు ఒక ఫోను.

"బాబాయ్," అన్నాను ఎడమ చెవిలో, "నిన్న ఆయన సరిగ్గా ఏమన్నాడు?"

"రేవు అన్నాడమ్మాయ్. ఎన్నిసార్లు చెప్పాలి? ఏం తెస్తున్నావయ్యా అన్నాను, రేవు అన్నాడు. ఏంటీ అన్నాను, బయట ఆ పంపు ఇంజను పరీక్ష చేస్తున్నారు గదా, రేవు, రేవు తప్పకుండా అన్నాడు."

రేవు తప్పకుండా. ఎవరైనా అలా అంటారా. రేవు తప్పకుండా తెస్తాననాలి, ఇస్తాననాలి, ఆ మాటకు తోక లేదు, తోక లేని మాట ఒకటే ఉంది ఆయన దగ్గర, పుట్టుకతోనే తోక లేనిది, బూటు తొడుక్కుంటూ నాన్నతో అన్నది, పద్నాలుగు నెలల మత్స్య శాఖలో ఫోను చేసినప్పుడల్లా అన్నది. ఒక్క అక్షరం. బాబాయ్‌కి చెప్పనా, చెబితే ఈ కడిగిన పళ్లెం ఇక్కడే, అరవై మంది ముందు, చప్పుడు చేసుకుంటూ పగులుతుంది. చెప్పకపోతే ఐదు కొడుతుంది. గార్నెట్ వైపు చూశాను, తన పడవ పేరు కొత్తగా రంగు వేయించాలని పక్కవాడితో చెబుతున్నాడు, చేతులు ఊపుతూ. నాలుగూ పదిహేను. పడవ పేరు పెర్సీ ఎల్. రంగు ఆరడానికి రెండు రోజులు పడుతుంది, అంటున్నాడు.

నాలుగూ ఇరవై అయిదుకు వచ్చాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది, అదీ నప్పింది, ఆయనకు నప్పనిది ఏదీ లేదు. అరవై చేతులు కలిపాడు, ప్రతి పేరూ పలికాడు, నా దగ్గరికి రాగానే లియోటా అని నోరు తెరిచి, ఎవరో పిలిస్తే జోకు సగంలో ఆపి వెళ్లాడు. మైకు దగ్గర నిలబడి దుప్పటి చూశాడు. నేను ఆ మొహమే చూస్తున్నాను. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం ఆ మొహంలో ఏమీ లేదు, కంచె వేసిన రేవంత ఖాళీ. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి, చప్పట్ల గాలి తగలగానే ఆ మొహం తెరచాపలా దానంతటదే నిండింది. రేవు, అన్నాడు గొంతు తగ్గించి. ఈ రేవు కోసం మీరూ నేనూ కలిసి ఎన్ని కలలు కన్నామో అన్నాడు. పెర్సీ ఉంటే ఎంత సంతోషించేవాడో అన్నాడు. తెచ్చాననలేదు, తేలేదనలేదు. బాబాయ్ కళ్లు తుడుచుకుంటున్నాడు. అమ్మాయి చేతి గడియారం చూపిస్తోంది, ఇంకో హాలు ఉంది, నాలుగూ ముప్పావుకి బయల్దేరాలి. ఆయన బయల్దేరతాడు, చప్పట్లు ఐదు దాకా సాగుతాయి, ఐదుకు నా కాగితం చచ్చిపోతుంది, ఆయన అబద్ధం ఆడకుండానే మా ఊరు మునుగుతుంది. పెర్సీ పేరు ఎత్తకుండా ఉంటే లేచేదాన్నో కాదో. ఎత్తాడు. లేచాను.

"వెండెల్ గారూ, ఒక్క మాట."

"లియోటా! నీ ఓటా?"

"ఓటు కాదండీ, ఇవాళ మాటే. నిన్న ఫోనులో మా బాబాయ్ మిమ్మల్ని ఏమడిగాడు?"

"ఎప్పుడొస్తున్నావని అడిగాడు."

"మీరేమన్నారు?"

"రేపన్నాను. రేపు తప్పకుండా అన్నాను," అని నవ్వాడు, చేతులు చాపి, "వచ్చాను గదమ్మా."

నిజమే, వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఆయన నిలబెట్టుకున్న ఒకే ఒక్క రేపు అది, ఆ సంగతి ఆయనకు గర్వంగానే ఉంది. చప్పట్లు ఆగిపోయాయి. వంటింట్లో గరిటె కూడా ఆగింది. మా బాబాయ్ మెల్లగా లేచాడు, చొక్కా జేబులోంచి మిషను తీశాడు, ఎడమ చెవిలో పెట్టుకున్నాడు, అది కీచుమంది, సర్దుకున్నాడు, మళ్లీ చెప్పు వెండెల్ అన్నాడు. రేపు, అన్నాడు మంత్రి, ఈసారి కాస్త నెమ్మదిగా. బాబాయ్ తలూపాడు. మా వైపు తిరిగాడు, పిన్నీసు ఊడిపోయింది, పట్టించుకోలేదు.

"అయ్యా, అందరూ వినండి. నేనడిగింది ఏం తెస్తున్నావని, ఆయన విన్నది ఎప్పుడొస్తున్నావని. ఆయనన్నది రేపు, నేను విన్నది రేవు. పంపు మోతలో ఇద్దరం ముసలాళ్లం ఒకళ్లకొకళ్లం చెవిటి కబుర్లు చెప్పుకున్నాం. రేవు లేదు. తప్పు నా చెవిది."

"నీ ఒక్కడి చెవిదే కాదు బాబాయ్," అన్నాను. మైకు నా దగ్గర లేదు, నాకు అక్కర్లేదు కూడా. "ఈయన మనతో ఎన్నడూ అబద్ధమాడలేదు. మొదట్నుంచీ రేపు అనే అంటున్నాడు. ఊరు ఊరంతా రేవు అని వింటున్నాం, అంతే."

ఎవరూ నవ్వలేదు, అదొక్కటే నా జన్మలో నవ్వు కోసం చెప్పని మాట. జేబులోంచి కాగితం తీసి చౌడర్ గిన్నెల బల్ల మీద పరిచాను. మొదట లేచింది గార్నెట్. నా మొహం చూడకుండా కలం తీసుకున్నాడు, పెర్సీ ఎల్ అని పడవ పేరు రాసి కింద సంతకం పెట్టాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు కుర్చీలు జరుపుకుని వచ్చారు. నాలుగూ యాభై రెండుకు పదకొండోది పడింది. ఫోనుతో ఫోటో తీసి పోర్ట్ హెస్టన్‌కు పంపాను, అందింది అని జవాబొచ్చాకే ఫోను కింద పెట్టాను. ఆయన ఇంకా మైకు దగ్గరే ఉన్నాడు, చెయ్యి ఇవ్వడానికి చెయ్యి దొరక్క. ఆ సహాయకురాలు, పాపం దాని పని అది, కాగితం విప్పిన ఫోటోను రెండు చేతులా పట్టుకుని, సార్‌ది ఎక్కడ తగిలిద్దామండీ, అని గోడలన్నీ చూస్తోంది, చాలా చిన్నగా అడిగింది. మా బాబాయ్‌కి మొదటిసారే వినబడింది.

"రేపు తగిలిస్తాంలే తల్లీ," అన్నాడు. "రేపు తప్పకుండా."